జాలు పొలంలో రెండు ట్రాక్టర్లు

సుక్కమ్మ దేన్నీ ఊరికే నమ్మేది కాదు. కూరగాయలవాడు తూకం వేస్తుంటే తక్కెడ కింద చెయ్యి ఆడించి చూసేది. దవాఖానలో సూది వేయించుకునే ముందు మందు సీసా మీది తేదీని పక్కనున్నవాళ్ళతో చదివించుకునేది. చుట్టం పిలవకుండా ఇంటికొస్తే ముందు మంచినీళ్ళిచ్చి, తర్వాత "ఏం పని మీద వచ్చినవ్?" అని నిలబెట్టి అడిగేది.

ఆలేరుకు ఉత్తరాన బండకాడిపల్లి ఆమెది. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టింది, అదే ఊళ్ళో గొర్రెలు కాచే ఇంటికే కోడలైంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె తండ్రి సంతలో ఒక మందను కొన్నాడు. అమ్మినవాడు వాటికి రాత్రంతా ఉప్పు నాకించి, పొద్దున్నే కడుపు పట్టినన్ని నీళ్ళు తాగించి తోలుకొచ్చాడు. సంతలో నిండుగా, నున్నగా కనిపించిన గొర్రెలు ఇల్లు చేరేసరికి డొక్కలు ఎండి, పక్కటెముకలు తేలి నిలబడ్డాయి. తండ్రి ఆ మందను చూస్తూ గడప మీద కూలబడిపోవడం సుక్కమ్మ మరిచిపోలేదు. మంచిగా కనిపించేది ఏదైనా సరే, ఆమెకు ముందు ఉప్పు నీళ్ళే గుర్తొచ్చేవి.

భర్త ఐలేశం అందుకు పూర్తిగా వేరు. ఎవరేం చెప్పినా "ఔ మల్ల" అనే మనిషి. ఇద్దరి కాపురం అట్లాగే సాగింది. ఆయన నమ్మేవాడు, ఆమె సరిచూసేది.

తెలంగాణ వచ్చిన ఆరేండ్లకు, దసరా ముందర పడిన వానలకు చెరువులు నిండి మత్తళ్ళు దుంకాయి. ఊరందరూ సంబరపడ్డారు. చలికాలపు యాసంగి నాట్ల కాలం వచ్చాక తెలిసింది అసలు తిప్పలు. చెరువు కింది పొలాలన్నీ జాలు పట్టాయి. నీళ్ళు పైనుంచి రావు, భూమిలోంచే ఊరతాయి. పైకి గట్టిగా కనిపించే మడిలో కాలు పెడితే మోకాలు దాకా పోతుంది. మారయ్య పొలంలో ఒక ట్రాక్టరు దిగబడింది. దాన్ని గుంజడానికి వచ్చిన ఇంకో ట్రాక్టరూ దాని పక్కనే దిగబడింది. దమ్ముకు బిగించిన ఇనుప కేజీవీల్లు బురదలో తిరుగుతున్నాయే తప్ప బండి జానెడు కూడా కదల్లేదు. నారు ముదిరిపోతోంది. గట్టు మీద ఆడవాళ్ళు నారు కట్టలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

ఊళ్ళో మహిళా సంఘానికి మిషిన్లు కిరాయికిచ్చే కేంద్రం ఒకటి ఉంది. దాని అధ్యక్షురాలు శోభ, మాట మెత్తన, పని గట్టి. చైన్ల మీద నడిచే పెద్ద ట్రాక్టరు ఒకటి కొందామని ఆమె అంది. చక్రాలకు బదులు చైన్లుంటే బరువు ఒక్కచోట పడకుండా భూమి మీద పరుచుకుంటుంది, బండి దిగబడదు. కొనే ముందు చూసి తేల్చడానికి ఒక మనిషి కావాలి. అందరూ సుక్కమ్మ పేరే చెప్పారు.

"నాకేం తెలుసే మిషిన్ల సంగతి?" అంది సుక్కమ్మ.

"మిషిన్ల సంగతి డ్రైవర్లు చెప్తరు గానీ, అమ్మెటోళ్ళ సంగతి నీకు తెలిసినంత మాకు తెల్వదు పెద్దమ్మా" అంది శోభ.

బండ్లు రెండు వచ్చాయి. ఒకటి రబ్బరు పట్టాలది. పట్నం నుంచి గిరి అనే ఏజెంటు తెచ్చాడు. కొత్త బండి. రెండు పక్కలా వెడల్పాటి నల్లటి పట్టాలు, అద్దాల గది, లోపల చల్లగాలి. రెండోది ఇనుప చైన్లది. భువనగిరి నుంచి పరశురాములు పంపాడు. ఆయన భూములు చదును చేయించే పనులు పట్టేవాడు, నడివయసు దాటిన మనిషి. ఆ బండి చూడటానికి దున్నపోతులా ఉండేది. ఎర్రరంగు నిగనిగలాడుతోంది.

గిరి మొదట తన బండిని చెరువు కట్ట పక్కన ఒక మడిలో నడిపి చూపించాడు. తెప్పలా తేలిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. సుక్కమ్మ మాత్రం చేతిలోని గొర్రెల కర్రను మడిలో గుచ్చింది. మూరెడు లోతున టక్కుమని ఆగింది. పక్క మడిలో గుచ్చింది. కర్ర సగం దాకా దిగిపోయింది.

"గీ మడి ఎవరు సూపిచ్చిండ్రు నీకు?" అని అడిగింది గిరిని.

"నేనే చూసుకున్నా అమ్మా. దారి పక్కన ఉందని."

"దారి పక్కన ఇంకా మస్తున్నయ్ మళ్ళు. కింద మొరం ఉన్న మడే దొరికిందా నీకు?"

గిరి నవ్వేశాడు. సుక్కమ్మ నవ్వలేదు. రెండు బండ్లూ యాసంగి నాట్లు అయ్యేదాకా ఊళ్ళోనే దున్నాలని, ఏ పొలంలో దున్నాలో తాను చెప్తానని షరతు పెట్టింది. గిరి కాసేపు గునిసి ఒప్పుకున్నాడు. పరశురాములు మాత్రం మాట పూర్తి కాకముందే "సరే అక్కా, నీ ఇష్టం" అన్నాడు.

అంత తొందరగా ఒప్పుకోవడం సుక్కమ్మకు నచ్చలేదు. ఆ ఎర్ర బండి చుట్టూ తిరిగింది. పైకెక్కి లోపల చూసింది. రంగు కొత్తది. కానీ కాలితో తొక్కే పెడల్ మీది గీతలు అరిగి నున్నబడ్డాయి. కూర్చునే సీటుకు కొత్త తొడుగు ఉంది, దాన్ని ఎత్తి చూస్తే కింద స్పాంజి గుంటపడి ఉంది.

"గిది కొత్తది కాదు" అంది కిందికి దిగి.

"కాదు. మిర్యాలగూడ దిక్కు రెండు పంట కార్లు దున్నింది" అన్నాడు పరశురాములు తొణక్కుండా.

"మరి చెప్పలే?"

"నువ్వడగలే. అడిగితే దాచుతనా?"

"అడగనోళ్ళకు కొత్తదని అమ్ముతవన్నట్టు."

ఆయన పైకెక్కి సీటు తొడుగు సర్దాడు. సుక్కమ్మకు ఆ రోజే అర్థమైంది, తాను ఒక దొంగను, ఒక మంచివాణ్ణి ఎదురుగా పెట్టుకుని తూచడం లేదని. ఇద్దరినీ కనిపెట్టి ఉండాలి.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. పరశురాములు తన బండి నడపడానికి ఎల్లేష్‌ను పెట్టుకున్నాడు. ఎల్లేష్ సుక్కమ్మ చెల్లెలు బక్కమ్మ కొడుకు. ఇరవై ఆరేండ్లవాడు, పట్నంలో మట్టి తవ్వే బండ్లు నడిపి వచ్చాడు. మాటకారి కాదు, పని తెలిసినవాడు. చెల్లెలి కొడుక్కి పని దొరికిందని ఎవరైనా సంతోషిస్తారు. సుక్కమ్మకు మాత్రం, తనను మెత్తబరచడానికే పరశురాములు వాణ్ణి పట్టాడని అనిపించింది.

"నువ్వు నా బిడ్డవని సూడ. గా బండి మంచిగ లేకుంటే లేదనే చెప్త" అంది ఎల్లేష్‌తో.

"నేనెప్పుడు అడిగిన పెద్దమ్మా, మంచిగ చెప్పుమని?" అన్నాడు వాడు.

నాట్లు మొదలయ్యాయి. సుక్కమ్మ పొద్దున్నే గొర్రెలను ఐలేశానికి అప్పజెప్పి పొలాల మీద పడేది. రెండు బండ్ల గుణాలూ మెల్లగా బయటపడ్డాయి. జాలు మడిలో రబ్బరు పట్టాలదే పైచేయి. తక్కువ లోతున పోతుంది, మడి అడుగు చెడదు, గట్టు దాటితే గట్టు విరగదు. పని అయ్యాక తారురోడ్డు మీద దానంతటదే ఇంకో పొలానికి పోతుంది. ఇనుప చైన్ల బండి బురదలో లోతుగా దిగేది, కానీ ఆగేది కాదు. నాగలి ఎంత లోతుకు దించినా గుంజుకుపోయేది. ఊళ్ళోని సిమెంటు బాట మీద ఒకసారి నడిపితే బాట అంచు పెళ్ళలుగా లేచింది. అప్పటి నుంచి దాన్ని ట్రాలీ మీద ఎక్కించి తీసుకుపోవలసి వచ్చింది.

ఊరికి పడమట గుట్టల కింద ఎర్రమట్టి చల్క భూములున్నాయి. అక్కడ అడుగుకో రాయి. అక్కడ కథ మారింది. ఇనుప చైను రాళ్ళను నలుపుకుంటూ పోయేది. రబ్బరు పట్టాకు, లోపలి చక్రానికి మధ్య రాళ్ళు ఇరుక్కునేవి. గిరి పెట్టిన డ్రైవరు మాటిమాటికి దిగి గడ్డపారతో తీసేవాడు. ఇక ఇనుప చైనుకు ఉన్న రోగం వేరు. ఇసుక బురద లోపలికి పోయి కీళ్ళు అరిగేవి, చైను వదులయ్యేది. సుక్కమ్మ రోజూ దాని వేలాడే చోట చెయ్యి పెట్టి, ఎంత జారిందో వేళ్ళతో కొలిచేది. ఎల్లేష్ గ్రీసు ఎక్కించి మళ్ళీ బిగించేవాడు. అతను బిగించింది నిజమేనా అని ఆమె కాలితో తన్ని చూసేది. అతను అది చూస్తూనే పానాలు డబ్బాలో సర్దుకునేవాడు.

నాట్లు సగం అయినప్పుడు రబ్బరు పట్టా తెగింది.

బండి చెరువు కట్ట కింద గుర్వమ్మ పొలంలో ఉంది. గుర్వమ్మ ఒంటరి ఆడది, కట్ట దగ్గరే ఇల్లు. పొద్దున డ్రైవరు బండి ఎక్కి కదిలించగానే పట్టా లోపలి అంచు నుంచి చీలి బయటికి ఊడింది. గిరి "ఎవరో కోశారట" అంటూ పట్నం నుంచి పరుగున వచ్చాడు. తెగిన చోట వేలు పెట్టి అందరికీ చూపించాడు.

"చూడండమ్మా, అరిగి తెగితే పోగులు పోగులుగా ఊడాలి. ఇది గీత గీసినట్టుంది. ఎవరో కత్తి పెట్టారు."

సుక్కమ్మ వంగి చూసింది. నిజంగానే కోసినట్టుంది. ఒకరి బండిని ఇంకొకరు చెడగొడతారని తాను భయపడ్డది జరిగిందనుకుంది.

"నిన్న పొద్దుగూకే యాళ్ళకు ఎల్లేష్ గీ బండి కాడ కూసోని ఏందో చేస్తుండె. నేను సూసిన" అంది గుర్వమ్మ.

ఎల్లేష్ గట్టు మీదే ఉన్నాడు. సుక్కమ్మ అతని దగ్గరికి పోయి పానాల డబ్బా తెరవమంది. తెరిచాడు. పానాల మధ్య గొర్రెల గిట్టలు చెక్కే కత్తి ఒకటి ఉంది.

"గిదెందుకు నీకు బండిల?"

"గ్రీసు గీకనీకె. బాపు కత్తి అది."

"నిన్న గీడికి ఎందుకొచ్చినవ్?"

"పట్టాల రాయి ఇరికింది పెద్దమ్మా. ఆ డ్రైవరు సూడకనే ఇంటికి పోతుండె. అట్లనే వదిలితే పొద్దుగాల తెగుతదని తీసిన."

"వాని బండి తెగితే నీకేం ఫికర్? నీ బండి అమ్ముడువోతదని సంబరపడాలె గదా!"

ఎల్లేష్ ముఖం నల్లబడింది. గట్టు మీద ఊరంతా ఉంది. పరశురాములు కూడా వచ్చి, జనం వెనక నిలబడి చూస్తున్నాడు. బక్కమ్మ నాటు మడిలోంచి బురద చేతులతోనే పైకొచ్చింది.

"అక్కా, వాడు గట్ల చేస్తడా? నీ చేతుల మీద పెరిగిన పోరడు."

"నా చేతుల మీద పెరిగిండని ఊరికి అబద్ధం చెప్పాల్నా?" అంది సుక్కమ్మ.

ఎల్లేష్ డబ్బా మూత వేసి, బండి తాళం శోభ చేతిలో పెట్టాడు. ఎవరినీ చూడకుండా గట్టు మీదుగా నడిచిపోయాడు. మర్నాడు చౌటుప్పల్ దిక్కు పనికి పోయాడని తెలిసింది. బక్కమ్మ అక్క ఇంటి ముందు నుంచి పోవడం మానేసి, వెనక సందులోంచి తిరిగి పోసాగింది.

న్యాయంగా నడుచుకున్నానని సుక్కమ్మ అనుకుంది. అయినా అన్నం సయించలేదు. ఐలేశం ఆ రోజు "ఔ మల్ల" అనలేదు.

"మనింట్ల కూడ ఉన్నది గా కత్తి. గొర్లున్న ప్రతి ఇంట్ల ఉంటది" అన్నాడు అంతే. చెప్పి, దొడ్డిలోకి పోయాడు.

ఆ మాట ఆమెను పట్టి పీడించింది. కత్తిని పక్కన పెట్టి ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. గిరి పొలంలో దిగి పట్టా చూడకముందే, దారిలోనే "ఎవరో కోశారట" అంటూ వచ్చాడు. డ్రైవరు ఫోనులో తెగిందని చెప్పి ఉంటాడు, కోశారని ఎవరు చెప్పారు? తెగినచోటు చూడని మనిషికి కత్తి సంగతి ఎట్లా తెలిసింది?

సుక్కమ్మ కర్ర తీసుకుని గుర్వమ్మ పొలానికి పోయింది. నాటు ఇంకా వేయలేదు. బండి చివరిసారి ఎక్కడ మలుపు తిరిగిందో బురదలో అచ్చులు ఉన్నాయి. చీర ఎగ్గట్టి మడిలో దిగి, ఆ అచ్చుల వెంబడే కర్ర పొడుచుకుంటూ నడిచింది. గుర్వమ్మ గట్టు మీద నిలబడి, "ఏం పోగొట్టుకున్నవే సుక్కమ్మా?" అని అడిగింది. మడి మూలకు వచ్చేసరికి కర్ర దేనికో తగిలి గల్లుమంది. చేతులు పెట్టి తడిమింది. రాయి. కానీ భూమిలో పుట్టిన రాయి కాదు, నాలుగు పలకలది.

"గుర్వమ్మా, గీడ ఏముండె ముందు?"

"మా ఆయన ఉన్నప్పుడు కంచె ఉండె. రాతి కడీలు పాతిండు. ఒకటి మధ్యకు ఇరిగింది. తవ్వుదామంటే ఎవరున్నరు నాకు?"

ఇద్దరూ కలిసి బురద తోడారు. విరిగిన కడీ మొండెం బయటపడింది. విరిగినచోట అంచు కొడవలి పదునులా ఉంది. ఆ అంచుకు నల్లటి రబ్బరు పెచ్చు అంటుకుని ఉంది. సుక్కమ్మ దాన్ని గోటితో గీకి తీసి, కొంగున ముడేసుకుంది. అక్కడే బురదలో చాలాసేపు కూర్చుండిపోయింది. గుర్వమ్మ చెయ్యి పట్టి లేపవలసి వచ్చింది.

మర్నాడు పొద్దున సంఘం గదిలో అందరినీ కూర్చోబెట్టమని శోభను అడిగింది. గిరి, అతని డ్రైవరు, పరశురాములు, మారయ్య, సంఘం ఆడవాళ్ళు వచ్చారు. బక్కమ్మ తలుపు దగ్గర నిలబడింది. సుక్కమ్మ రబ్బరు పెచ్చును బల్ల మీద పెట్టి, గిరిని కాకుండా డ్రైవరును అడిగింది.

"బిడ్డా, మూల మలుపుకాడ బండి కొట్టుకోలేదా నీకు?"

డ్రైవరు గిరి వైపు చూశాడు. గిరి గోడ వైపు చూశాడు.

"కొట్టుకుంది అమ్మా. దిగి తడిమి చూస్తే లోపలి అంచు చీరింది. సారుకు అప్పుడే ఫోన్ చేసిన. ఎవరికీ చెప్పకు, పొద్దున చూద్దామన్నడు."

గదిలో గొడవ లేచింది. గిరి చేతులు జోడించాడు. "రాయికి పట్టా తెగుతుందని తెలిస్తే ఈ దిక్కున ఒక్కరు కొంటారా అమ్మా? కత్తి అంటే బండి పేరు పోదనుకున్నా. ఆ అబ్బాయి మీదికి పోతుందని అనుకోలేదు."

"పోయినప్పుడు సూస్కుంట నిలవడ్డవ్ గదా" అంది శోభ. ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ వినలేదు.

సుక్కమ్మ లేచి నిలబడింది. "గిరిది తప్పే. కని ఎల్లేష్‌ను దొంగ అన్నది గిరి కాదు, నేను. నలుగురిల అన్న, నలుగురిలనే చెప్తున్న. వాడు రాయి తీసిన మాట నిజం. బండి ఎవరిదని సూడకుంట తీసిండు." తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. బక్కమ్మ అప్పటికే వెళ్ళిపోయింది.

బండి సంగతి తేల్చాల్సి ఉంది. అందరూ ఇక ఇనుప చైన్లదే అనుకున్నారు. సుక్కమ్మ అప్పుడూ ఒప్పుకోలేదు. చైన్లు విప్పి, కింద తిరిగే రోలర్లు చూపించమంది. పరశురాములు మొదటిసారి చిరాకుపడ్డాడు. విప్పితే రెండు రోలర్లు నూనె కారుతున్నాయి, ఇంకొకటి ఒక పక్కకే అరిగి ఉంది.

"గిది కూడ నేను అడగలేదనే చెప్పలేదా?" అంది.

"నాకు గిది తెల్వదక్కా, ఒట్టు" అన్నాడాయన. ఆమె నమ్మిందో లేదో ఎవరికీ తెలియదు. రోలర్లన్నీ కొత్తవి వేయించాకే సంఘం ఆ బండిని తీసుకుంది. జాలు మడికి రబ్బరు పట్టాలే మేలని, ఆ మాట నిజమని కూడా ఆమె సంఘంలో చెప్పింది. కానీ సగం ఊరు రాళ్ళ మీద ఉంది. పట్టా తెగితే కొత్తది పట్నం నుంచి రావాలి, నాట్లు ఆగుతాయి. ఇనుప చైన్లో ఒక కొక్కెం విరిగితే ఆలేరులోనే వెల్డింగు చేయించుకోవచ్చు. మంచి బండి ఏదని కాదు, చెడిపోతే మన చేతిలో బాగయ్యేది ఏదని చూడాలంది. మారయ్య తల ఊపాడు.

ఆ తర్వాత ఐలేశాన్ని వెంటబెట్టుకుని చౌటుప్పల్ బస్సెక్కింది. ఎల్లేష్ ఒక గుట్ట పక్కన బండి మీద మట్టి ఎత్తుతున్నాడు. వీళ్ళను చూసి దిగొచ్చాడు. పెద్దనాయినకు నీళ్ళిచ్చాడు. ఆమెకూ ఇచ్చాడు.

"తప్పయింది బిడ్డా" అంది సుక్కమ్మ. "ఊరందరి ముందట చెప్పిన. ఇంటికి రా."

"నువ్వు నన్ను అడిగినవ్, నేను చెప్పిన. అయిన నమ్మలే. ఇప్పుడు రాయి దొరికిందని నమ్ముతున్నవ్. రాయి దొరకకుంటే?"

ఐలేశం ఇద్దరి మధ్యా నేల చూస్తూ నిలబడ్డాడు.

"రేపు ఇంకోటి అయితే మళ్ళ నా డబ్బనే తెరుస్తవ్ పెద్దమ్మా."

"అనుమానం పోతదని చెప్పలేను. అబద్ధమైతది" అంది చివరికి. "కని మందిల అడగను. నీతోనే అడుగుత."

ఎల్లేష్ ఆ యాసంగి రాలేదు. తర్వాతి వానాకాలం కూడా రాలేదు. ఇంకొక డ్రైవరు బండి నడిపి, చైను బిగించడం తెలియక రెండుసార్లు పొలంలోనే ఊడగొట్టాడు. మూడో ఏడు శోభ స్వయంగా పోయి పిలిస్తే వచ్చాడు. ఇప్పుడు సంఘం బండి నడిపే పని అతనిదే. మమత అనే పిల్లను చేసుకున్నాడు. పెండ్లిలో సుక్కమ్మ ముందు వరుసలో కూర్చోలేదు. వెనక వంటల దగ్గర ఉండి, వడ్డించేవాళ్ళు అందరికీ సరిగ్గా పెడుతున్నారో లేదో చూసింది.

బక్కమ్మ అక్కతో మాట్లాడుతుంది. గొర్రెలకు మందు తాగించే రోజున పిలిస్తే వచ్చి సాయం చేస్తుంది, చేసిన పని గురించి మాట్లాడి పోతుంది. వెనక సందులోంచి తిరిగిపోవడం మానేసింది. కానీ మునుపటిలా గడప లోపలికి వచ్చి కూర్చోదు, అరుగు మీదనే నిలబడుతుంది. సుక్కమ్మ రమ్మని బలవంతం చేయదు. ఒక పీట తెచ్చి అరుగు మీద వేస్తుంది.